బిట్ స్లిప్ ఇచ్చే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బరంపురం, రాయగడ వైపు ల్యాబుల్లో హైస్పీడ్ సీరియల్ రిసీవర్లపై (బిట్లను ఒకదాని వెంట ఒకటిగా అందుకునే సర్క్యూట్లపై) పనిచేసే మన తెలుగు విద్యార్థులు, బిట్ స్లిప్‌తో, అంటే అందిన బిట్ల వరుసను ఒక్కో బిట్ జరిపి, పదాల హద్దును (ఒక్కో పదం ఏ బిట్ దగ్గర మొదలవుతుందో) సరిచేయబూనే ముందు, క్లాక్ రికవరీ (వచ్చే డేటానుంచే క్లాకును రాబట్టే భాగం) లాక్ నిలకడగా ఉందో లేదో తప్పక చూసుకోవాలి.

8 బిట్లను 10 బిట్లుగా మార్చే 8బి/10బి కోడింగులో పంపే వైపు నుంచి పదం హద్దును చూపే కె28.5 గుర్తు ఎడతెగక వస్తోందని, ప్లస్, మైనస్ జంట తీగలు తారుమారు కాలేదని నిర్ధారించుకోవాలి. తీగలు మారినా ఆ గుర్తు యథావిధిగా దొరుకుతుంది గనుక, ఈ పొరపాటు అసలు డేటా తప్పినప్పుడే బయటపడుతుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే.

ఒక్కో బిట్ చొప్పున జరిపితే 10 బిట్ల పదానికి 9 స్లిప్పులు చాలు. అయితే ప్రతి స్లిప్ తరువాత డేటాషీటులో చెప్పినన్ని క్లాక్ సైకిళ్లు ఆగాలి. వేసవి గాలివానలో కరెంటు పోయి వస్తే, పాత స్లిప్ లెక్కను నమ్మకుండా మొదటినుంచి వెతకాలి.