చెరువు పూడికలో నేల కోత జాడ

పైపొలాల నుంచి కోసుకొచ్చిన మట్టి చెరువు అడుగున పొరలుగా పేరుకుంటుంది; ఏ పొర ఎప్పటిదో, ఎక్కడి మట్టో చూడాలంటే ఆ పొరలను చెదరకుండా పైకి తీయాలి. ఎండాకాలంలో, తడి ఆరని చోట, కట్టకు దూరంగా 75 మి.మీ. పీవీసీ గొట్టాన్ని నిలువుగా దించండి. పూడిక తీసిన చెరువు వద్దు, పొరలు పోయి ఉంటాయి. లాగేముందు పైమూత గాలి చొరకుండా బిగించకపోతే అడుగుమట్టి జారిపోతుంది. గొట్టం దిగిన లోతు కన్నా లోపలి మట్టి పొట్టిగా ఉంటే అది నొక్కుకుపోయినట్టు, రెండూ రాసుకోండి.

సెంటీమీటరు చొప్పున కోసి, గొట్టం గోడకు రుద్దుకున్న అంచుమట్టి తీసేయండి. రేడియోధార్మిక పదార్థమైన సీజియం-137 బాగా పెరిగిన పొర సుమారు 1963 నాటిది, అణుపరీక్షల ధూళి.

అసలు కీలకం పోలిక: చెరువు పొరల మట్టి ఏ చోటి మట్టిని పోలి ఉందో చూడటం. పైపొలాల నల్లరేగడి, ఎర్రనేల, వాగు గట్ల మట్టినీ తెచ్చి, అన్నిటినీ 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, దిగిన మెత్తటి మట్టిలోనే అయస్కాంత గుణం కొలవండి. రేణువుల సైజు కలగాపులగమైతే ఇసుక తేడానే కోత తేడాగా పొరబడతాం. బసాల్ట్ నుంచి పుట్టిన రేగడిలో ఆ గుణం సాధారణంగా ఎక్కువ.