ఏ 28 అబ్బీ? కోడ్‌లో అంకెలకూ అవును-కాదులకూ పేర్లు పెట్టే పద్ధతి

2025 సెప్టెంబర్ 22న సిమెంట్ మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కడపలో మా మామ సిమెంట్, కమ్మీల అంగడికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసింది నేనే. ముందురోజు రాత్రి ఫైల్ తెరిచి, 28 కనిపించిన చోటల్లా 18 పెట్టేసి పడుకున్నాను. రెండు రోజులకు మామ ఫోన్.

"ఏమబ్బీ, గడువు దాటిందని బేల్దారి మేస్త్రీలకు మెసేజ్‌లు పోయినాయే! అంగడి మీదికి కొట్లాటకొచ్చినారు."

అరువు గడువు కూడా 28 రోజులే మరి. లిస్టులో 28 ఎంఎం కమ్మీ కాస్తా 18 ఎంఎం అయి కూర్చుంది.

ఆ రాత్రి నేను చేసి ఉండాల్సిందేమిటంటే, ఫైల్ పైభాగంలో ఇలా రాసుకుని, కింద అంకెల బదులు ఈ పేర్లే వాడటం:

సిమెంట్_జీఎస్టీ = 18
కమ్మీ_జీఎస్టీ = 18
అరువు_గడువు_రోజులు = 28
కమ్మీ_పొడవు_మీటర్లు = 12
తూకం_భాజకం = 162

పైథాన్ 3 అనే ప్రోగ్రామింగ్ భాషలో తెలుగు లిపి పేర్లు కూడా నడుస్తాయి. ఇంగ్లీషులో రాస్తే స్థిరాంకాల (ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ మారని విలువల) పేర్లన్నీ క్యాపిటల్ అక్షరాల్లో పెట్టడం ఆనవాయితీ. పైథాన్‌లో అది మర్యాద మాత్రమే, ఎవరైనా మార్చేస్తే ఆపదు. జావాలో ఫైనల్, జావాస్క్రిప్ట్‌లో కాన్‌స్ట్ అని రాస్తే ఆ పేరుకు మళ్లీ ఇంకో విలువ పెట్టనివ్వవు.

సిమెంట్‌కూ కమ్మీకీ రెండూ 18 అయినప్పుడు రెండు పేర్లెందుకు? ఇవాళ కలిశాయంతే. రేపు ఒక్కటే మారొచ్చు. 'పద్దెనిమిది = 18' అని మాత్రం పెట్టకండి. పేరు చూస్తే అదెందుకుందో తెలియాలి గానీ, అంకెను మళ్లీ చదివిస్తే ఏం లాభం?

162 సంగతి చూడండి. కమ్మీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. ఘనపు మీటరు ఉక్కు 7850 కిలోలన్న లెక్కలోంచి వచ్చిందది. 12 ఎంఎం కమ్మీ అయితే 144ను 162తో భాగిస్తే 0.889. పన్నెండు మీటర్ల కమ్మీకి 10.67 కిలోలు. నా పాత కోడ్‌లో ఇది '12 * 12 / 162 * 12' అని ఉండేది. మూడు పన్నెండుల్లో మందం ఏది, పొడవు ఏది? ఆర్నెల్ల తర్వాత నాకే తెలియలేదు.

అన్నిటినీ పైకెక్కించకండి. మూట ధర ఎప్పుడైనా మారుతుంది, అది టేబుల్‌లో ఉండాలి. పన్ను శాతంతో నేను ఇంకోసారి దెబ్బతిన్నాను. ఆగస్టు బిల్లు మళ్లీ ప్రింట్ తీస్తే 18 శాతమే పడింది. ఇప్పుడు ప్రతి బిల్లులోనూ ఆనాటి శాతం సేవ్ చేస్తున్నాను. స్థిరాంకం కొత్త బిల్లులకే.

ఇక బూలియన్లు, అంటే ట్రూ (అవును), ఫాల్స్ (కాదు) అనే రెండే విలువలుండేవి. ట్రూ, ఫాల్స్ మీరు ఇంగ్లీషులోనే కొట్టాలి, ఇక్కడ చదవడానికి తెలుగులో రాస్తున్నాను.

బిల్లు_వేయి(50, ట్రూ, ఫాల్స్)

ఏది ట్రూ? అరువా, కిరాయా? ఇలా రాయండి:

బిల్లు_వేయి(మూటలు=50, అరువా=ట్రూ, కిరాయి_ఉందా=ఫాల్స్)

ఈ విషయంలో తెలుగు మనకు కలిసొస్తుంది. చివర దీర్ఘం తీస్తే ప్రశ్న అయిపోతుంది: కట్టాడా, లోడ్_దిగిందా. అవును, కాదు అని జవాబు చెప్పలేని పేరు, 'స్టేటస్' లాంటిది, బూలియన్‌కు పనికిరాదు. 'అరువు_కాదా = ఫాల్స్' అంటే చదివేవాడి తల తిరుగుతుంది. 'కట్టాడా' అని అడిగాక '== ట్రూ' తగిలించడమూ దండగే. లోడ్ దిగింది, దిగలేదు, వాపసొచ్చింది అని మూడు ఉంటే బూలియన్ వదిలేసి ఈనమ్ (పేర్లు పెట్టిన కొన్ని విలువల్లో ఒకటి ఎంచుకునే రకం) వాడండి.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఎక్సెల్ నుంచి తెచ్చిన బాకీల ఫైల్. అందులో 'కట్టాడా' కింద ఉన్న 'ఫాల్స్' అనేది విలువ కాదు, అక్షరాలు. పైథాన్‌లో విలువను ట్రూ, ఫాల్స్‌గా మార్చే బూల్‌కు ఖాళీ కాని ఏ మాట ఇచ్చినా ట్రూ అంటుంది. దాంతో ఊళ్లో బాకీలన్నీ కట్టేసినట్టు చూపించింది. మామ ఓ పూట సంబరపడ్డాడు కూడా. ఇప్పుడు ఆ మాటను ఖాళీలు తీసేసి, చిన్నక్షరాలకు మార్చి, ట్రూ అయితే ఒక దారి, ఫాల్స్ అయితే ఇంకో దారి పట్టిస్తున్నాను. రెండూ కాకపోతే ప్రోగ్రామ్ ఆగిపోయి ఏ వరుసలో తేడా ఉందో చెబుతుంది.