ఉప్పు పెరిగితే నీటిలో ఆక్సిజన్ ఎంత తగ్గుతుంది? ప్రయోగం ఎలా ప్లాన్ చేయాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకు చెరువులో ఉప్పు ఎంత, డీవో (కరిగిన ఆక్సిజన్) ఎంత అన్నవి ఎప్పుడూ ఉండే లెక్కలు. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని కాలేజీ ల్యాబ్‌లోనే తేల్చవచ్చు.

ముందు ప్రశ్నను సూటిగా రాసుకోండి: ఉష్ణోగ్రత మారకుండా ఉప్పు మాత్రమే పెంచితే డీవో ఎంత తగ్గుతుంది? 25 డిగ్రీల దగ్గర, గాలి బాగా పట్టిన మంచినీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. సముద్రపు నీటిలో 6.8 దాకా ఉంటుంది. కానీ ఆ మంచినీరే 30 డిగ్రీలకు వేడెక్కితే 7.6కి పడిపోతుంది. లీటరుకు 15 గ్రాముల ఉప్పు తగ్గించేంత ఆక్సిజన్‌ను ఐదు డిగ్రీల వేడే తగ్గించేస్తుందన్నమాట. కాబట్టి జాడీలన్నీ ఒకే నీళ్ల టబ్బులో పెట్టండి, ప్రతిసారీ ఉష్ణోగ్రత నోట్ చేయండి.

డిస్టిల్డ్ వాటర్‌తో లీటరుకు 0, 10, 20, 30 గ్రాముల ఉప్పు ఉండేలా ద్రావణాలు కలపండి. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు మాత్రం వాడొద్దు. కింద చెప్పే వింక్లర్ పరీక్షలో విడుదలైన అయోడిన్‌ను కొలిచే డీవో లెక్కిస్తాం; ఆ ఉప్పులోని అయోడేట్ అదనంగా అయోడిన్‌ను విడుదల చేస్తుంది. ఉప్పు పెరిగేకొద్దీ రీడింగ్‌లో ఈ తప్పు పెరిగి, మీరు వెతికే తగ్గుదలను కొంత కప్పేస్తుంది. ల్యాబ్ సోడియం క్లోరైడే తీసుకోండి.

అక్వేరియం పంపుతో ప్రతి జాడీకీ గంటసేపు గాలి పట్టించి, బుడగలు పోయేదాకా ఆగండి. తర్వాత ట్యూబు కొసను 300 మి.లీ. బీవోడీ సీసా (గాలి చొరకుండా గాజు మూత బిగిసే ల్యాబ్ సీసా) అడుగుదాకా దించి, నీళ్లు పొంగి పొర్లేలా నింపండి. ఒక్క గాలి బుడగ మిగిలినా లెక్క తప్పుతుంది. ఒక్కో ద్రావణానికి మూడు సీసాలు చాలు.

ఇక డీవోను రసాయనాలతో కొలిచే వింక్లర్ పద్ధతి. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ ద్రావణాలను పిపెట్ మొన నీటిలో మునిగేలా పెట్టి వేయండి. మూత బిగించి తిప్పితే గోధుమరంగు అవక్షేపం వస్తుంది. ఉప్పునీటిలో అది పేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది, తొందరపడొద్దు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసే పని లెక్చరర్ ఎదుటే, గ్లవ్స్, కళ్లజోడుతో చేయండి. అవక్షేపం కరిగి నీళ్లు పసుపెక్కాక, 200 మి.లీ. తీసి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ (బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వేసి కొలవడం) మొదలుపెట్టండి. రంగు లేత గడ్డిరంగుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి. నీలం పోయిన చుక్క దగ్గర ఆపండి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ దాదాపు లీటరుకు ఒక మిల్లీగ్రాము డీవోకు సమానం.

ఉప్పును అడ్డంగా, డీవోను నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. చెరువు నీళ్లు కూడా పరీక్షించాలనిపిస్తే ఆ అంకెలను ఈ గ్రాఫ్‌లో కలపకండి. పగలు అక్కడి నాచు తానే ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రంతా అదీ రొయ్యలూ కలిసి వాడుకుంటాయి. అక్కడ మారేది ఉప్పొక్కటే కాదు.