మాటలు రాని పిల్లలకి ఇంట్లో అడగడం నేర్పడం ఎలా

ఏడాదిన్నర దాటినా పిలిస్తే చూడట్లేదు, వేలు పెట్టి ఏదీ చూపించట్లేదు అంటే, "మగపిల్లలకి మాటలు లేటే" అన్న మాట నమ్మి కూర్చోకండి. శ్రీకాకుళం వైపు వాళ్లైతే అంగన్‌వాడీ టీచర్నో ఏఎన్ఎంనో అడిగి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షలకి ఉన్న ప్రభుత్వ పథకం) కింద పరీక్షకి రాయించుకోండి, అది ఉచితం. రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈలోగా ఇంట్లో నేర్పడం మొదలుపెట్టండి.

ముందు అడగడం నేర్పండి. వాడికి మందస కోవా ఇష్టమనుకుందాం. చిన్న చిన్న ముక్కలు చేసి, లోపలున్నది బయటికి కనిపించే డబ్బాలో వేసి, మూత గట్టిగా బిగించి ఎదురుగా పెట్టండి. డబ్బా వైపు చూడగానే మీరు వాడి ముఖానికి సమానంగా కూర్చుని ఓ ఐదు సెకన్లు నోరు మెదపకుండా ఆగండి (మనకి అదే కష్టం!). వాడేమీ చేయకపోతే చెయ్యి పట్టుకుని వేలు చూపించేలా చేసి, "కోవా" అని ఒక్క మాటే అని, ఆ క్షణమే ముక్క ఇవ్వండి. ఆలస్యమైతే దేనికి ఇచ్చారో వాడికి అర్థం కాదు. తర్వాత పట్టు తగ్గించుకుంటూ రండి, ముందు మణికట్టు, ఆపైన మోచేయి, చివరికి ఉత్త సైగ. "కో" అన్నా ఇచ్చేయండి.

ఒక్కోసారి ఐదు పది నిమిషాలు చాలు, విసుక్కుంటే ఆపేయండి.

తాతయ్య జాలిపడి ఏడవగానే ఫోన్ ఇచ్చేస్తే మాత్రం ఏడిస్తే పని జరుగుతుందని నేర్చుకుంటాడు, కాబట్టి ఇంట్లో అందరిదీ ఒకే పద్ధతి ఉండాలి. మిక్సీ మోతకి చెవులు మూసుకుని ఏడిస్తే అది మొండితనం కాదు, పక్క గదిలోకి తీసుకెళ్లండి.