మేడ మీద కాదు, మైదానంలో కొలవండి

భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలుద్దామని హైదరాబాదులో మొదట మా డాబా ఎక్కాను. నాలుగడుగులు వేస్తే ఫోనులోని అయస్కాంత సెన్సర్ చూపే అంకె ముప్ఫై నుంచి అరవై మైక్రోటెస్లాలకు (క్షేత్ర బలానికి కొలమానం) ఎగబాకింది. తప్పు స్లాబులోని ఇనుప చువ్వలది. ఇంటర్ పిల్లలను ల్యాబులో ‘ఇనుము దూరంగా పెట్టండి’ అని ఏళ్ల తరబడి కసిరినవాణ్ణి, కాళ్ల కింది ఇనుమును మరిచాను.

ఖాళీ మైదానానికి వెళ్లండి. కార్లకు, కంచె తీగలకు ముప్ఫై అడుగులైనా ఎడంగా ఉండండి. తాళంచెవులు, బెల్టు, అయస్కాంతమున్న ఫోను కవరు దూరంగా పెట్టండి. బల్లకు మేకులుంటాయి కాబట్టి నేను అట్టపెట్టె వాడతాను.

సెన్సర్ విలువలు చూపే యాప్‌లో, ఫోను తనంతట తాను సవరించని విలువలనే ఎంచుకోండి. ఫోనును పెట్టెపై వెల్లకిలా ఉంచి నిదానంగా ఒక చుట్టు తిప్పండి. నిలువు అంచు దిశలోని వై విలువ నాకు ఒకచోట 46కు పెరిగి, దానికి సరిగ్గా ఎదురు దిశలో మైనస్ 33కు దిగింది. తేడాలో సగం, 39.5 మైక్రోటెస్లా, క్షితిజ సమాంతర భాగం. రెండింటి సగటు 6.5 మాత్రం ఫోను సొంత లోహాలు, స్పీకరు అయస్కాంతం కలిపిన కల్తీ. ఇక తెరకు లంబ దిశలోని జెడ్ విలువను వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి చూడండి: మైనస్ 12, 22. తేడాలో సగం 17, నిలువు భాగం. రెండు భాగాల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 43 మైక్రోటెస్లా.

ఫోను కల్తీని తిప్పి తీసేశాం. ఇదే క్షేత్రాన్ని పైనుంచి కొలిచే ఉపగ్రహంలో ఏం చేస్తారు? యూరప్ అంతరిక్ష సంస్థ 2013 నవంబరు 22న పంపిన మూడు స్వార్మ్ ఉపగ్రహాలకు తోకలా నాలుగు మీటర్ల కడ్డీ ఉంది. దాని కొసన క్షేత్ర పరిమాణం కొలిచే పరికరం, మధ్యలో దిశ కొలిచేది. రెండోదాని పక్కనే నక్షత్రాలను చూసే మూడు కెమెరాలు పెట్టారు. తానెటు తిరిగి ఉందో తెలియని ఉపగ్రహం దిశ చెప్పలేదు కదా. 450 కిలోమీటర్ల ఎత్తులో క్షేత్రం ఇక్కడికంటే దాదాపు అయిదో వంతు తక్కువ. సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట పారే విద్యుత్ ప్రవాహాలు మనకు నెత్తిమీద, ఉపగ్రహానికి కాళ్ల కింద. ఇరువైపుల కొలతలూ ఉంటేనే ఆ వాటాను విడదీయడం సులువు. అది కొన్ని పదుల నానోటెస్లాలే (మైక్రోటెస్లాలో వెయ్యో వంతు నానోటెస్లా), ఫోనుకు అందదు. అందుకు చౌటుప్పల్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) నడిపేటటువంటి అబ్జర్వేటరీ కావాలి.

ఈ రెండు రకాల కొలతలతో తయారయ్యే అంతర్జాతీయ నమూనా ఐజీఆర్‌ఎఫ్‌ను అయిదేళ్లకోసారి సవరిస్తారు. అందులో మీ ఊరి అక్షాంశ రేఖాంశాలిచ్చి చూడండి. మీ అంకెకూ దానికీ రెండు మైక్రోటెస్లాలకు మించి తేడా వస్తే ముందు జేబులు తడుముకోండి.