విప్పి బిగించాక లాప్‌టాప్ ఆన్ కాకపోతే

ఫ్యాన్‌లో దుమ్ము దులుపుదామని లాప్‌టాప్ విప్పి మళ్లీ బిగించాక, పవర్ బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేకపోతే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. మదర్‌బోర్డు పోయిందని అప్పుడే అనుకోకండి. చార్జర్ తీసేసి, కింది మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చునేలా పెట్టి, పవర్ బటన్ నుంచి బోర్డుకి వచ్చే సన్నని పట్టీ లాంటి కేబుల్ లాక్ పడిందో లేదో చూడండి (నా దగ్గర దొరికిన దొంగ అదే). బ్యాటరీ కలిపి, చార్జర్ పెట్టి ఆన్ చేయండి. ర్యామ్ కదిపాం కాబట్టి మొదటిసారి స్క్రీన్ కాసేపు నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి.

చార్జర్ గుచ్చగానే దాని లైట్ ఆరిపోతున్నా, కాలిన వాసన వచ్చినా మాత్రం ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, అప్పుడు ఈ పద్ధతి పనిచేయదు, వెంటనే ప్లగ్ పీకేయండి.