డిస్కు పోయిందనుకున్నా, పోయింది తీగ

పర్లాకిమిడిలో మా ఇంటి కంప్యూటర్ వారం రోజులు ఏడిపించింది. ఏ ఫోల్డర్ తెరిచినా నిమిషం సేపు బిగుసుకుపోయేది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే డిస్కు వాడకం 100 శాతం. "బరంపురం పట్టుకెళ్లి కొత్త డిస్కు వేయించెయ్ రా" అన్నాడు బావ. ఆయనకి ఏ రోగానికైనా బరంపురమే మందు.

ముందు చెల్లి పెళ్లి ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. డిస్కులో తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు చెక్‌డిస్క్ జోలికి అప్పుడే పోలేదు. డిస్కు నిజంగా చావుబతుకుల్లో ఉంటే, గంటల తరబడి దాన్ని చదివిస్తే ఉన్నదీ పోవచ్చు.

తర్వాత డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ పెట్టి చూశా. 05, సీ5 వరసల్లో, అంటే చెడిన సెక్టార్ల (డిస్కులో డేటా దాచే చిన్న గదుల) లెక్కలో, రెండూ సున్నా. సీ7 మాత్రం గంటగంటకీ పెరుగుతోంది. అది సీఆర్‌సీ తప్పుల లెక్క: డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడుతోందన్నమాట. కరెంటు తీసి మూత విప్పితే, ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్ పక్క రేకుకి నొక్కుకుని మడతపడి ఉంది!

ఎవరూ వాడని డీవీడీ డ్రైవ్ కేబుల్ పీకి దీనికి తగిలించా. సీ7 అంకె మళ్లీ తగ్గదు, పెరగడం ఆగిందా అన్నదే చూడాలి. ఆగింది. అప్పుడు నడిపా చెక్‌డిస్క్, స్లాష్ ఎఫ్‌తో, అంటే దొరికిన తప్పులు సరిచెయ్యమని. బావ ఇంకా నమ్మలేదు.